పింక్ ఫ్లాయిడ్ అరుదైన కచేరీ రికార్డింగులు: ఓరుగల్లులో ఉండి సేకరించడం, పంచుకోవడం ఎలా?

షాపుల్లో, ఫోన్ యాపుల్లో దొరికే ఆల్బమ్‌లన్నీ వినేశాక ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ అభిమానికి మిగిలేవి కచేరీలు. ఈ బ్యాండ్ విషయంలో వాటికి విలువ ఎక్కువ. కొత్త పాటలను ముందు స్టేజీ మీద వాయించి, సానబెట్టి, ఆ తర్వాత స్టూడియోకి పట్టుకెళ్లడం 1970లలో వాళ్లకు అలవాటు. ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ ఆల్బమ్ 1973 మార్చిలో వచ్చింది. ఆ పాటల వరుసను జనం ముందు మొదటిసారి ఎత్తుకున్నది మాత్రం 1972 జనవరి 20న, ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో. పరికరాలు మొరాయించడంతో మధ్యలోనే ఆపేశారు. ఆ ఏడాది కచేరీలు వింటే, ఆల్బమ్‌లో సింథసైజర్ గిర్రున తిరిగే చోట గిటారు, కీబోర్డు ఒకదాన్నొకటి తరుముకుంటూ ఉంటాయి. పాట ఇంకా తయారవుతుండగా వినడం అంటే అది.

వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో ఇలాంటివి వెతికేవాళ్లు తక్కువమందే. ఆర్ఈసీ హాస్టళ్లలో (2002 నుంచి అదే ఎన్ఐటీ) సీనియర్ల దగ్గర ఈ సంగీతం అంటించుకుని, అరలో నాలుగు క్యాసెట్లు దాచుకున్నవాళ్లు కొందరు. ఫోన్‌లో విని ఇష్టపడి, ఇప్పుడు పాతవాటి వెంట పడుతున్న పిల్లలు ఇంకొందరు. ఈ రెండో రకం వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ముందు ఒక్క టూర్ పట్టుకోండి

దొరికిందల్లా పోగేస్తే ఆర్నెల్లలో హార్డ్‌డిస్క్ నిండుతుంది, విన్నది మాత్రం ఏమీ ఉండదు. కాబట్టి ఒక ఏడాదినో, ఒక టూర్‌నో ఎంచుకోండి. 1975 ఉత్తర అమెరికా టూర్ కొత్తవాళ్లకు బాగుంటుంది. ఆ సెప్టెంబర్‌లో రాబోయే ‘విష్ యు వర్ హియర్’ పాటలు, 1977లో వేరే పేర్లతో ‘యానిమల్స్’లోకి ఎక్కబోయే పాటలు, రెండూ అప్పటికే స్టేజీ మీద ఉన్నాయి.

ఒక నోట్‌బుక్‌లోనో ఎక్సెల్ షీట్‌లోనో ఆ టూర్ తేదీలు, ఊళ్లు, హాళ్లు రాసుకోండి. తేదీని ఏడాది, నెల, రోజు వరుసలోనే రాయండి: 1975-04-26. అమెరికా వాళ్లు నెల ముందు రాస్తారు, మనం, ఇంగ్లండ్ వాళ్లు రోజు ముందు రాస్తాం. 4/5/75 అని ఉన్న క్యాసెట్ ఏప్రిల్ 5దో, మే 4దో పైకి చూసి చెప్పలేం. ఒకే కచేరీ రెండు తేదీలతో చలామణి అవడానికి చాలాసార్లు కారణం ఇదే.

రికార్డింగ్ పుట్టుక అడగండి

ఈ లోకంలో మొదటి ప్రశ్న ‘ఎలా ఉంది’ కాదు, ‘ఎక్కడి నుంచి వచ్చింది’. ప్రేక్షకుల్లో కూర్చుని మైకు పెట్టి చేసింది ఆడియన్స్ రికార్డింగ్. మిక్సింగ్ బోర్డు నుంచి నేరుగా తీసింది సౌండ్‌బోర్డ్. రేడియోలో వచ్చినప్పుడు పట్టింది ఎఫ్ఎం. సౌండ్‌బోర్డ్ అనగానే గొప్పదనుకోకండి. హాలు మోత, జనం ఊపిరి అందులో ఉండవు, కొన్ని మరీ పొడిగా ఉంటాయి. మంచి చోట కూర్చున్న మంచి టేపర్ (కచేరీని టేపు మీదికి పట్టే అభిమాని) చేసిన ఆడియన్స్ రికార్డింగే నాకు ఇష్టం.

దానికి పేరుపడ్డ మనిషి లాస్ ఏంజిలిస్‌కు చెందిన మైక్ మిల్లర్డ్. నకమిచి 550 అనే బరువైన రికార్డర్‌ను చక్రాల కుర్చీలో దాచి హాల్లోకి తీసుకెళ్లేవాడు. 1975 ఏప్రిల్‌లో లాస్ ఏంజిలిస్ స్పోర్ట్స్ ఎరీనాలో జరిగిన పింక్ ఫ్లాయిడ్ కచేరీని అతను పట్టిన తీరు విని, ఇది ప్రేక్షకుల్లోంచి తీసిందంటే నమ్మనివాళ్లున్నారు. కాపీలు ఎవరికిచ్చిందీ లెక్క రాసుకునేవాడు. ఎవరి కాపీ దొంగచాటుగా అమ్మకానికి వెళ్లిందో పట్టుకోవడానికి ఒక్కో దాంట్లో ఒక్కో గుర్తు పెట్టేవాడు.

రెండో ప్రశ్న, మాస్టర్ (కచేరీలో మొదట పట్టిన అసలు టేపు) నుంచి ఎన్నో కాపీ? క్యాసెట్ నుంచి క్యాసెట్‌కి ఎక్కించిన ప్రతిసారీ బుస్సుమనే శబ్దం పెరుగుతుంది, డ్రమ్స్ పక్కన మోగే తాళాల (సింబల్స్) మెరుపు తగ్గుతుంది, స్పీడ్ కాస్త అటూ ఇటూ అవుతుంది. మాస్టర్ నుంచి నేరుగా తీసింది మొదటి తరం కాపీ. దాని నుంచి తీసింది రెండోది. జాగా కొనేటప్పుడు లింక్ డాక్యుమెంట్లు అడిగినట్టే ఇక్కడ చేతులు మారిన వరుస మొత్తం అడగాలి. ఆ వరుస లేని రికార్డింగ్ ఎంత బాగా వినిపించినా, ఇచ్చిపుచ్చుకోవడంలో దాన్ని ఎవరూ ఖాతరు చేయరు.

మన దగ్గర ఏముంది?

‘ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు’ అని కొత్తవాళ్లందరూ అంటారు. నిజం కాదు. గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా కలకత్తా డమ్‌డమ్ ఫ్యాక్టరీలో అచ్చేసిన ఎల్పీలను, ఇక్కడి క్యాసెట్లను బయటి దేశాల కలెక్టర్లు ప్రత్యేకంగా వెతుక్కుంటారు. అట్ట మీది ముద్రణ, లేబుల్, వెనక అడుగున ఉండే చిన్న అక్షరాలు, వీటిని శుభ్రంగా స్కాన్ చేసి పంపినా వాళ్లకు పండగే. బ్యాండ్ పాత సభ్యుడు రోజర్ వాటర్స్ 2002లో బెంగళూరులో, 2007లో ముంబైలో పాడాడు. ఇక్కడి నుంచి రైలెక్కి వెళ్లినవాళ్లు మీ కాలేజీ సీనియర్లలో ఉండొచ్చు. టికెట్ ముక్క, ఫొటోలు, డిజిటల్ కెమెరాలో పట్టిన రెండు నిమిషాల వీడియో, ఏదున్నా అడిగి స్కాన్ చేయించుకోండి.

పాతవి వెతకాలంటే ముందు మన ఊళ్లోనే మొదలుపెట్టండి. ఖాళీ క్యాసెట్, పాటల లిస్టు ఇస్తే ఎక్కించి ఇచ్చే రికార్డింగ్ సెంటర్లు ఒకప్పుడు చౌరస్తాకొకటి ఉండేవి. వాటిలో కొన్ని మొబైల్ షాపులుగా మారాయి, పాత సరుకు మాత్రం అటక మీదే ఉండిపోయి ఉండొచ్చు. ఓనర్‌తో చాయ్ తాగుతూ మాట కలపండి. హైదరాబాద్ వెళ్తే గురువారం జుమ్మేరాత్ బజార్‌లో పాత క్యాసెట్ డెక్కులు కనిపిస్తాయి. కేబుళ్లు, పిన్నులు, బెల్టులకు కోఠి గుజరాతీ గల్లీ ఉండనే ఉంది.

ఇవేవీ లేకపోతే మీ ఒళ్లు వంచండి. పాత కలెక్టర్ల దగ్గర క్యాసెట్లు ఉంటాయి, వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించే ఓపిక ఉండదు. ఆ పని మీరు చేస్తానంటే తలుపులు తెరుచుకుంటాయి.

అడిగే తీరు కూడా ముఖ్యం. ‘ఫ్లాయిడ్ రేర్ స్టఫ్ ఉంటే పంపండి’ అని మెసేజ్ పెడితే ఎవరూ పలకరు. ఇలా రాయండి:

‘అన్నా, నమస్తే. మాది హన్మకొండ. 1975 టూర్ కచేరీలు వెతుకుతున్న. మీ దగ్గర ఆ ఏడాది క్యాసెట్లు ఉన్నయని మా సీనియర్ చెప్పిండు. నా దగ్గర మంచి డెక్కు ఉంది. మీకు ఇష్టమైతే మీ ఇంటికే పట్టుకొచ్చి, మీ ముందే ఎక్కించిస్త. క్యాసెట్లు ఇల్లు దాటనవసరం లేదు. ఫైళ్లు మీకు ఒక డిస్క్‌లో ఇస్త. మీరు వద్దన్నది బయటికి పోదు.’

ఆఖరి వాక్యం ఊరికే రాసేది కాదు. మాటిచ్చాక ఒక్క ఫైలు బయటికి జారినా ఇంత చిన్న గుంపులో మీ పేరు పోతుంది.

క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించడం

అసలు పని ఇదే, తొందరపడితే చెడేదీ ఇదే.

ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు దొరికే యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్ల జోలికి పోకండి. వాటిలో స్పీడ్ నిలకడగా ఉండదు, సాగదీసిన సుతి వినిపిస్తుంది. పాతదైనా సరే, వెనక లైన్ అవుట్ (శబ్దాన్ని కేబుల్‌తో బయటికి తీసుకునే చిల్లు) ఉన్న డెక్కు కావాలి. కొన్నాక ముందు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి బెల్టులు మార్పించండి. ఏళ్ల తరబడి వాడని బెల్టు సాగిపోయో, జిగురులా కరిగిపోయో ఉంటుంది.

తర్వాత శుభ్రం చేయడం. దూది పుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి, రీలు ఆనుకుని నడిచే హెడ్డును, పక్కన తిరిగే సన్నటి స్టీలు కడ్డీని తుడవండి. గోధుమరంగు మసి వస్తుంది. పుల్ల తెల్లగా వచ్చేదాకా మార్చి మార్చి తుడవాలి. రీలును లాగే రబ్బరు చక్రానికి మాత్రం ఆల్కహాల్ వద్దు, రబ్బరు ఎండి పగులుతుంది. కొద్దిగా సబ్బు నీళ్లతో తుడిచి ఆరనివ్వండి.

ఇప్పుడు క్యాసెట్. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని కిటికీలోంచి రీలు చూడండి. అంచుల్లో తెల్లటి పొడి కనిపిస్తే అది బూజు. దాన్ని డెక్కులో పెట్టొద్దు, తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కూ అంటుకుంటుంది. రీలు వెనక చిన్న రేకు మీద ఉండే మెత్తటి ముక్క ఊడిపోయిందేమో చూడండి. అది లేకపోతే రీలు హెడ్డుకు ఆనదు, శబ్దం దుప్పటి కప్పినట్టు వస్తుంది. అలాంటప్పుడు మరలున్న ఇంకో క్యాసెట్ డబ్బా విప్పి, రీలును అందులోకి మార్చాలి. అరుదైనదాని మీద ఈ పని నేర్చుకోకండి. పాత సినిమా పాటల క్యాసెట్ ఒకటి పాడుచేసుకుని నేర్చుకోండి. ఇంట్లో చుక్క సత్తయ్య ఒగ్గు కథ క్యాసెట్‌లాంటిది దొరికితే మాత్రం అది ప్రాక్టీసుకు కాదు. ఏ ఫ్లాయిడ్ టేపుకైనా చేసే మర్యాద దానికీ చేయండి.

ప్లే చేసే ముందు ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పండి. ఏళ్లుగా కదలని రీలు అక్కడక్కడ అతుక్కుని, బిగుసుకుని ఉంటుంది.

చాలామంది వదిలేసే మెట్టు హెడ్డు వంపు సరిచేయడం, అజిముత్ అంటారు. క్యాసెట్‌ను రికార్డు చేసిన డెక్కులో హెడ్డు ఎంత వంపుతో ఉందో, ప్లే చేసే డెక్కులోనూ అంతే ఉండాలి. లేకపోతే పైస్థాయి శబ్దాలు మొద్దుబారతాయి. హెడ్డు పక్కన స్ప్రింగుతో ఒక చిన్న మర ఉంటుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని, శబ్దాన్ని మోనోలోకి మార్చి, తాళాలు బాగా మోగే చోట క్యాసెట్ ఆడిస్తూ మరను వెంట్రుకవాసి తిప్పండి. ఒక చోట తాళం ఒక్కసారిగా తేటగా మోగుతుంది. అక్కడ ఆపండి. ప్రతి క్యాసెట్‌కూ, ఒక్కోసారి ప్రతి సైడుకూ ఇది చేయాలి. ఎన్ని సాఫ్ట్‌వేర్లు వాడినా తర్వాత రాని తేట ఈ నిమిషం పనిలో వస్తుంది.

బుస్సుమనే శబ్దాన్ని తగ్గించే డాల్బీ బటన్ విషయంలో అనుమానముంటే ఆపేసే ఉంచండి. కావాలంటే తర్వాత సాఫ్ట్‌వేర్‌తో చేసుకోవచ్చు. పొరపాటున డాల్బీతో ఎక్కించినదాన్ని మాత్రం వెనక్కి తీసుకురాలేం.

ల్యాప్‌టాప్‌కి ఉండే ఒక్క చిల్లు సాధారణంగా మైకుది, మోనోది. డెక్కు శబ్దాన్ని కంప్యూటర్‌కు అందించే, రెండు ఇన్‌పుట్లున్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ కొనక తప్పదు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ ఉచితంగా వస్తుంది, చాలు. 24 బిట్, 96 కిలోహెర్ట్‌జ్ పెట్టుకోండి. 48 పెట్టినా క్యాసెట్‌కు కొదవేం రాదు. కచేరీలో బాగా గట్టిగా ఉండే చోటు ముందే విని, అక్కడ మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. ఎర్రగీత దాటి పగిలిన శబ్దాన్ని ఎవరూ బాగుచేయలేరు. ‘మ్మ్’ అని కరెంటు మోత వినిపిస్తే చార్జర్ పీకి బ్యాటరీ మీద నడపండి.

సీ-90 క్యాసెట్ ఒక సైడు 45 నిమిషాలు. 24 బిట్, 96లో అది సుమారు ఒకటిన్నర జీబీ. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ మించిన ఫైలు తీసుకోదు, ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఫార్మాట్ చేసుకోండి.

ఈ ముడి ఫైలును ముట్టుకోకుండా దాచండి. పాటలుగా కత్తిరించడం, స్పీడ్ సరిచేయడం అన్నీ దాని కాపీ మీదే. స్పీడ్ చూడటానికి కీబోర్డో హార్మోనియమో దగ్గర పెట్టుకోండి. ‘షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్’ జీ మైనర్‌లో ఉంటుంది. మీ క్యాసెట్‌లో అది అర మెట్టు పైన పలికితే క్యాసెట్ పరుగెడుతోందన్నమాట. నాయిస్ రిడక్షన్ మాత్రం వద్దే వద్దు. బుస్సుమనే శబ్దంతో పాటు తాళాల తోక, హాలు గాలి కూడా పోతాయి, మిగిలేది నీళ్లలోంచి విన్నట్టుంటుంది. వినేవాళ్లు కావాలనుకుంటే వాళ్లే తీసుకుంటారు.

పూర్తయినవాటిని ఫ్లాక్ అనే ఫైలు రకంలో దాచండి. సైజు తగ్గుతుంది, శబ్దంలో ఒక్క చుక్క పోదు. ఎంపీ3 చేస్తే పోయింది మళ్లీ రాదు.

చీటీ రాయడం

ప్రతి ఫోల్డర్‌లో మామూలు టెక్స్ట్ ఫైలు ఒకటి ఉండాలి. లేని ఫోల్డర్‌ను నేను తీసుకోను, మీరూ తీసుకోకండి. ఇదిగో, ఒక మాదిరి:

పింక్ ఫ్లాయిడ్
1975-04-26, స్పోర్ట్స్ ఎరీనా, లాస్ ఏంజిలిస్
రకం: ఆడియన్స్, టేపర్ మైక్ మిల్లర్డ్
వరుస: ఏకేజీ మైకులు, నకమిచి 550, మాస్టర్ క్యాసెట్, మధ్యలో ఎన్ని కాపీలో తెలియదు, నా చేతికొచ్చిన క్యాసెట్
ఎక్కించింది: డెక్కు పేరు, ఇంటర్‌ఫేస్ పేరు, 24/96, డాల్బీ లేదు, అజిముత్ సరిచేశాను
మార్పులు: స్పీడ్ తగ్గించాను, ఇంకేమీ చేయలేదు
లోపాలు: మూడో పాటలో సైడు తిప్పినప్పుడు కొంత పోయింది

‘తెలియదు’ అని రాయడానికి సిగ్గుపడొద్దు. ఊహించి ‘మొదటి తరం’ అని రాస్తే, ఆ అబద్ధం మీ చీటీతో పాటు దేశాలు తిరుగుతుంది. చివర్లో ఎండీ5 చెక్‌సమ్ ఫైలు తయారుచేసి జతచేయండి. అవతలివాళ్లకు ఫైలు పాడవకుండా చేరిందో లేదో దాంతో తెలుస్తుంది.

మీకు వచ్చినవీ ఇలాగే చూడండి. ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చి అంటగట్టేవాళ్లు ఉన్నారు. హాస్టల్ ల్యాన్‌లలో తిరిగిన కాలం నాటి ఫైళ్లలో ఇది ఎక్కువ. స్పెక్ అనే చిన్న ప్రోగ్రాంలో ఫైలు తెరిస్తే శబ్దం బొమ్మ వస్తుంది. 128 కేబీపీఎస్ ఎంపీ3 అయితే దాదాపు 16 కిలోహెర్ట్‌జ్ దగ్గర స్కేలు పెట్టి కోసినట్టు ఆగిపోతుంది. అయితే పాత క్యాసెట్లోనూ అంత పైన పెద్దగా ఏమీ ఉండదు. తేడా ఏమిటంటే క్యాసెట్‌లో మెల్లగా పలచబడుతుంది, ఎంపీ3లో నిలువునా తెగుతుంది. ఇది చూడకుండా ఎవరినీ దొంగ అనకండి.

పంపడం

డబ్బు తీసుకోకూడదు, ఇది మొదటి నుంచీ ఉన్న కట్టుబాటు. ఖాళీ డిస్కులు, తిరుగు పోస్టేజీ అడిగినవాళ్లే పెట్టుకోవడం పాత పద్ధతి. ఇప్పుడు ఖాళీ పెన్‌డ్రైవ్ పంపిస్తే సరి. చిన్నవైతే వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపొచ్చు.

క్యాసెట్టే పంపాల్సి వస్తే ఏప్రిల్, మే నెలల్లో వద్దు. రామగుండం, మంచిర్యాల ఎండకు పార్శిల్ డబ్బాలో ప్లాస్టిక్ వంకర పోతుంది. వర్షాకాలం పోయాక, సిలికా జెల్ పొట్లంతో, గట్టి డబ్బాలో స్పీడ్ పోస్ట్ చేయండి. రిజిస్టర్డ్ పోస్ట్ అడిగితే కౌంటర్లో లేదంటారు, 2025లో దాన్ని స్పీడ్ పోస్ట్‌లోనే కలిపేశారు. నన్నడిగితే రైలెక్కి మీరే పట్టుకెళ్లడం మేలు. కాజీపేట జంక్షన్ మీదుగా అటు బల్లార్షా వైపూ, ఇటు సికింద్రాబాద్, విజయవాడ వైపూ బళ్లు ఉండనే ఉన్నాయి.

వార్తలు, అధికారిక విడుదలలు

ఇచ్చిపుచ్చుకునేది రికార్డింగులే కాదు, కబుర్లు కూడా. వాటికీ పుట్టుక అడగండి. మిల్లర్డ్ 1994లో చనిపోయే ముందు తన మాస్టర్లన్నీ ధ్వంసం చేశాడని ఏళ్ల తరబడి అందరూ చెప్పుకున్నారు. చూసినవాళ్లు ఎవరూ లేరు. తీరా చూస్తే మాస్టర్లు భద్రంగా బయటపడ్డాయి. ‘బ్యాండ్ మళ్లీ కలుస్తోంది’ అనే వార్త వచ్చినప్పుడు కూడా ముందు బ్యాండ్ ప్రకటనో, రికార్డు కంపెనీ ప్రకటనో ఉందా అని చూడండి. 2024 నుంచి వాళ్ల రికార్డింగుల హక్కులు సోనీ మ్యూజిక్‌వి.

చట్టం సంగతి. కచేరీ మీద కళాకారులకు హక్కులున్నాయి, అభిమాని చేసినా అది చట్టం కళ్లలో అనుమతి లేని రికార్డింగే. అభిమానులు ఇచ్చిపుచ్చుకోవడాన్ని చాలామంది కళాకారులు చూసీ చూడనట్టు వదిలేశారు తప్ప, అది మనకు రాసిచ్చిన హక్కు కాదు. ఆల్బమ్‌లను కాపీ చేసి పంచడం అసలే కుదరదు. మన దేశంలో ప్రచురించిన సౌండ్ రికార్డింగుకు కాపీరైట్ 60 ఏళ్లు.

అందుకే మూడు నాలుగు నెలలకోసారి మీ లిస్టును అధికారిక విడుదలలతో పోల్చి చూసుకోండి. 1974 నవంబర్‌లో వెంబ్లీలో వాయించిన ‘డార్క్ సైడ్’ ఏళ్లపాటు రేడియో కాపీల మీదే తిరిగింది, 2011లో బ్యాండే విడుదల చేసింది. 1970ల మొదట్లోని కచేరీలు కొన్ని 2021, 2022 డిసెంబర్లలో చడీచప్పుడు లేకుండా స్ట్రీమింగ్‌లోకి వచ్చాయి. మిల్లర్డ్ పట్టిన 1975 ఏప్రిల్ 26 కచేరీ సైతం, ఇంగ్లండ్ సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ బాగుచేశాక, 2025 డిసెంబర్‌లో ‘విష్ యు వర్ హియర్’ 50 ఏళ్ల సెట్‌లో చేరింది. అలా వచ్చినదాన్ని మీ లిస్టులోంచి తీసేయాలి. అడిగినవాళ్లకు ఫైలు ఇవ్వకుండా ఆ సెట్ పేరు చెప్పండి. పైన చీటీకి మాదిరిగా చూపించిన కచేరీ కూడా అంతే, నా లిస్టులో దాని ఎదురుగా ఇప్పుడు ‘కొనుక్కోండి’ అని ఉంది.